రెక్కకు పెద్ద దెబ్బ తగిలితే

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



రెక్కాడితే గాని డొక్కాడదని మనవాళ్ళు అంటూ వుంటారు. కూలీనాలీ చేసుకునే వారిని గురించి పుట్టిన మాటే అయినా అది అందరికీ వర్తిస్తుంది. ఆఫీసులో కలం పట్టాలన్నా, ఆటోనగర్‌లో స్పానర్ తిప్పాలన్నా, ఇంట్లో అట్లపిండి కలపాలన్నా, ఆడపిల్లకి జడ వేయాలన్నా భుజం సాగాలి. ఆ భుజానికే పెద్ద దెబ్బ తగిలి, లోపల రక్తనాళాలూ నరాలూ కూడా చెడితే ఏం చేయాలన్నది ఇవాళ మనం చెప్పుకుందాం.

ఇదంతా డాక్టర్లు చూసుకునేది కదా, మనకెందుకమ్మా అనిపించవచ్చు. ఆపరేషను చేసేది డాక్టర్లే, కాదనను. కానీ ప్రమాదం జరిగిందన్న కబురు ముందు వచ్చేది ఇంటికి. ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది మనం. ఇంటికొచ్చాక ఏడాది, రెండేళ్ళు ఆ చేతికి కసరత్తు చేయించేదీ, చొక్కా తొడిగేదీ, అన్నం కలిపి పెట్టేదీ మనమే. ఈ రకం దెబ్బల్లో చేయి దక్కడం, దక్కకపోవడం చాలావరకు కాలం మీద ఆధారపడి వుంటుంది. మొదట గంటల లెక్క, తర్వాత నెలల లెక్క. ఈ రెండు లెక్కలూ ఇంట్లో ఒక్కరికైనా తెలిసి వుండాలి. నేను డాక్టర్ని కాను, మెట్రిక్ చదివిన ఇల్లాలిని. తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్నదే మీతో చెబుతున్నాను.

భుజంలో ఏముంది?

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. మన భాషలో "నరం" అంటే ఒకటి కాదు. "చెయ్యి నరం కోసుకున్నాడు" అంటే రక్తనాళం. "నరాల బలహీనత" అంటే వేరే. "నాడి చూశారు" అంటే మణికట్టు దగ్గర కొట్టుకునేది. ఈ గందరగోళం వల్ల డాక్టరుగారు ఒకటి చెబితే మనం ఇంకొకటి అర్థం చేసుకుంటాం. ఈ ప్రసంగంలో నెత్తురు పారే గొట్టాన్ని రక్తనాళం అంటాను. స్పర్శనీ కదలికనీ మోసే తీగని నరం అంటాను. నాడి అంటే మణికట్టు దగ్గర వేలికి తగిలే కొట్టుకోవడం మాత్రమే.

ఇప్పుడు భుజం కీలు. పిల్లల పోటీల్లో నోట్లో చెంచా పెట్టుకుని దాని మీద నిమ్మకాయతో నడుస్తారు చూడండి, భుజం కీలు అచ్చం అలాగే వుంటుంది. తొడ కీలు లోతైన గిన్నెలో కూర్చున్నట్లుంటుంది. భుజం గుండు మాత్రం పల్చటి చెంచాలాంటి ఎముక మీద ఆనుకుని వుంటుంది. అందుకే చేతిని ఎటు కావాలంటే అటు తిప్పగలం. అందుకే అది తేలిగ్గా జారిపోతుంది కూడా.

మెడలో వెన్నుపాము నుంచి ఐదు నరాల వేళ్ళు బయటికి వస్తాయి. అవి ఒకదానితో ఒకటి కలుస్తూ, విడిపోతూ, మళ్ళీ కలుస్తూ జడ అల్లినట్లు అల్లుకుని, మెడ ఎముకల దగ్గర్నుంచి కంఠాస్థి కిందుగా చంకలోకి దిగుతాయి. దీన్ని డాక్టర్లు బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. చేయి ఎత్తడం, మోచేయి మడవడం, వేళ్ళు ముడవడం, వేడీ చల్లనీ తెలియడం, అన్నీ ఈ అల్లిక పనే. దాన్ని ఒరుసుకునే చేతికి వెళ్ళే పెద్ద రక్తనాళం పోతుంది. అంటే కాలవా, కరెంటు తీగలూ ఒకే ఇరుకు సందులోంచి పోతున్నాయన్న మాట. అక్కడ దెబ్బ తగిలితే ఒక్కోసారి రెండూ తెగుతాయి.

ఈ చోటు సంగతి మన పూర్వులకీ తెలుసు. సుశ్రుత సంహితలో రొమ్ముకీ చంకకీ మధ్య వున్న చోటుని కక్షధర మర్మమని పేరు పెట్టి, అక్కడ దెబ్బ తగిలితే చేయి చచ్చుబడుతుందని రాశారు. భుజం జారితే చంకలో రోకలి ఆనించి ఎత్తి సరిచేసి కట్టు కట్టే పద్ధతి కూడా అందులో వుంది. అన్ని వందల ఏళ్ళ కిందట చంకని మర్మస్థానమని గుర్తించడం గొప్ప సంగతే. అలాగని ఇవాళ ఎవరూ ఇంట్లో ఆ ప్రయత్నం చేయకూడదు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

మన ప్రాంతంలో ఇవి ఎలా జరుగుతాయి?

అన్నిటికన్నా ఎక్కువగా మోటారు సైకిలు మీంచి పడటం వల్ల. బండి ఒకవైపు పోయి మనిషి భుజం నేలకి తగులుతుంది, తల రెండో వైపు విరుచుకుపోతుంది. మెడకీ భుజానికీ మధ్య దూరం ఒక్క క్షణంలో సాగి, లోపలి అల్లిక తెగుతుంది. బెంజి సర్కిల్ దగ్గరో, వారధి మీదో రోజూ మనం చూసే తొందరలో ఇది కొత్తేమీ కాదు. హెల్మెట్ తలని కాపాడుతుంది గాని భుజాన్ని కాపాడలేదు. హెల్మెట్ వుంటే మనిషి బతికి ఆసుపత్రికి చేరతాడు, అది చాలా పెద్ద మేలు. కాని ఆ తర్వాత భుజం సంగతి కూడా చూడాలి.

రెండోది బస్సు కిటికీలోంచి మోచేయి బయట పెట్టి కూర్చోవడం. ఎదురుగా వచ్చే లారీ ఒరుసుకుంటూ పోతే క్షణంలో ఘోరం జరుగుతుంది. మూడోది యంత్రాలు. ఊళ్ళలో నూర్పిడి యంత్రం, రైసుమిల్లు బెల్టు, ట్రాక్టరు షాఫ్టు, బజారులో చెరకు రసం యంత్రం. చొక్కా చెయ్యో, పైటకొంగో చిక్కితే చేతిని లోపలికి లాగేస్తాయి. నాలుగోది తాడిచెట్టు. గీత కార్మికులు జారినప్పుడు పట్టు కోసం ఒక్క చేత్తో మట్టనో మోకునో పట్టుకుని వేలాడితే ఆ కుదుపుకి కింది నరాల వేళ్ళు లాగుకుపోతాయి. అలాంటివారికి భుజం బాగానే కదులుతుంది గాని వేళ్ళు చచ్చుబడతాయి.

ఇక మన ఇళ్ళల్లో జరిగేది ఒకటుంది. పెద్దవాళ్ళు స్నానాల గదిలో జారి చేయి ఆనించి పడతారు. భుజం గుండు తప్పుతుంది. వయసు మీద పడ్డవారి రక్తనాళాలు గట్టిపడి వుంటాయి, సాగవు. అందుకని తప్పిన గుండు వల్లగాని, దాన్ని బలవంతంగా లాగి సరిచేయడం వల్లగాని చంకలోని రక్తనాళం చిరిగే ప్రమాదం వుంది. "మా తాతగారు ఒక్క గుంజు గుంజి సరిచేసేవారు" అనే మాట పట్టుకుని ఎవరినీ చేయి వేయనీయకండి. ముందు ఎక్స్‌రే, తర్వాతే సర్దడం. సర్దకముందు ఒకసారి, సర్దాక ఒకసారి నాడీ స్పర్శా చూడాలి.

మొదటి నిమిషాలు

ప్రమాదం జరిగినచోట మనమే వున్నామనుకోండి. చేయి ఎంత భయంకరంగా కనిపించినా ముందు చూడవలసింది చేతిని కాదు. మనిషి ఊపిరి తీసుకుంటున్నాడా, పలుకుతున్నాడా చూడాలి. అంత పెద్ద దెబ్బ భుజానికి తగిలినప్పుడు ఛాతీకీ, మెడకీ, తలకీ తగలకుండా వుండటం అరుదు. కాబట్టి మెడ తిప్పకుండా, చంకల్లో చేతులేసి లేవదీయకుండా వుంచి 108కి ఫోను చేయాలి. ఈ 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలై తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది.

నెత్తురు చిమ్ముతూ వుంటే శుభ్రమైన తువ్వాలో, మడత పెట్టిన పాత నూలు చీరో గాయం మీద వుంచి అరచేత్తో గట్టిగా అదమాలి. తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకొకటి పెట్టి అదమాలి. మాటిమాటికీ తీసి చూస్తే కట్టుకుంటున్న గడ్డ ఊడి వస్తుంది. చేయి మధ్యలో గాయమైతే పైన బిగించి కట్టే వీలుంటుంది. చంకలోగాని, కంఠాస్థి కిందగాని గాయమైతే తాడు కట్టడానికి చోటే వుండదు. అక్కడ గుడ్డ కుక్కి గట్టిగా అదిమి పట్టుకోవడం ఒక్కటే దారి. ఆసుపత్రి చేరేదాకా ఒకరు ఆ చేయి తీయకూడదు. గాజుముక్కో, ఇనుప కమ్మీయో దిగబడి వుంటే లాగకూడదు. అది లోపల రక్తనాళానికి బిరడాలా అడ్డం పడి వుండవచ్చు.

చేతిని లాగవద్దు, సాగదీయవద్దు, ఎత్తి చూపించమనవద్దు. ఎలా వుంటే అలా ఒంటికి ఆనించి, కింద ఒక దిండు లాంటిది పెట్టి, పైట చెంగుతోనో పంచతోనో ఛాతీకి చుట్టి వదులుగా కట్టాలి. ఉంగరాలు, గాజులు, గడియారం వెంటనే తీసేయండి. గంటలో చేయి వాచి అవి బిగుసుకుంటాయి. మనవాళ్ళకి దయ ఎక్కువ, పడ్డవాడికి వెంటనే సోడానో కాఫీనో పడతారు. ఆపరేషను చేయవలసి రావచ్చు కాబట్టి నోటికి ఏమీ ఇవ్వకూడదు.

చేయి పూర్తిగా తెగిపోతే? తలచుకోవడానికే ఒళ్ళు జలదరిస్తుంది, కాని తెలుసుకోవాలి. తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీళ్ళు పోని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు ముక్కలూ నీళ్ళూ వున్న మరో సంచిలోనో డబ్బాలోనో వుంచాలి. ఐసు నేరుగా కండకి తగలకూడదు, తగిలితే కండ చెడుతుంది. మనిషితోపాటే దాన్నీ తీసుకువెళ్ళాలి.

రోడ్డు మీద పడివున్న మనిషిని ఎత్తుకెళితే పోలీసులు, కోర్టులు అని భయపడే రోజులు పోయాయి. 1989లోనే సుప్రీంకోర్టు, పోలీసు కాగితాల కోసం ఆగకుండా అత్యవసర వైద్యం చేయాలని డాక్టర్లకి చెప్పింది. 2016లో సాయం చేసినవారిని వేధించకూడదని మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ మేరకు సెక్షను చేర్చారు. సాయం చేసినవారు పేరు చెప్పమని బలవంతపెట్టడానికి వీల్లేదు. ఈ సంగతి మన ఇంట్లో కుర్రాళ్ళకి చెప్పి వుంచండి.

గంటల లెక్క

ఇక్కడ మొదటి లెక్క వస్తుంది. నెత్తురు అందని కండ సుమారు ఆరు గంటలకు మించి తట్టుకోలేదు. ఆ లోపల రక్తనాళం తిరిగి పారాలి. అందుకని దెబ్బ తగిలిన సమయం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

రక్తనాళం చెడిందని ఎలా తెలుస్తుంది? రెండు చేతులూ పక్కపక్కన పోల్చి చూడాలి. దెబ్బ తగిలిన చేయి పాలిపోయిందా, చల్లగా వుందా, బొటనవేలి మొదట మణికట్టు దగ్గర నాడి అందుతోందా, గోరు నొక్కి వదిలితే ఎరుపు వెంటనే వస్తోందా, వేళ్ళు కదుపుతున్నాడా, తాకితే తెలుస్తోందా? కంఠాస్థి పైనగాని చంకలోగాని వాపు చూస్తుండగా పెరుగుతూ వుంటే లోపల నెత్తురు కారుతున్నట్లే.

ఒక చిక్కుంది. పెద్ద రక్తనాళం తెగినా ఒక్కోసారి నాడి సన్నగా తగులుతుంది. మన ఊరి కాలవలు తలచుకుంటే ఇది అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజి దగ్గర నీళ్ళు ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవిస్ కాలవలుగా చీలిపోతాయి. ఒక పెద్ద కాలవకి గండి పడ్డా, పక్క బోదెల్లోంచి కొన్ని చేలకు కాస్త తడి అందుతుంది. భుజం చుట్టూ కూడా అలాంటి చిన్న రక్తనాళాలు చాలా వున్నాయి. వాటిగుండా కాస్త నెత్తురు చేరి చేయి వెచ్చగానే వుండవచ్చు. అందుకే "నాడి అందుతోంది, ఏం భయం లేదు" అని ఊరుకోకుండా అనుమానం వున్నప్పుడు డాక్టర్లు డాప్లర్ పరీక్ష, రక్తనాళాల సి.టి. యాంజియోగ్రాం చేస్తారు. మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "చేతికి నెత్తురు సరిగ్గా అందుతోందా అండీ, యాంజియోగ్రాం అవసరమా?" మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు.

తెగిన రక్తనాళాన్ని నేరుగా కుట్టలేకపోతే కాలిలోంచి ఒక సిర తీసి అతుకు వేస్తారు. కొన్నిటికి లోపలి నుంచే స్టెంటు పెడతారు. ఆపరేషనయ్యాక ముంజేతి మీద పొడుగ్గా కోత పెట్టి తెరిచి వుంచడం చూసి చాలామంది తల్లులు గుండెలు బాదుకుంటారు. భయపడకండి. నెత్తురు తిరిగి పారగానే కండలు వాచి లోపల్లోపలే నొక్కుకుపోతాయి. ఆ ఒత్తిడి పోవడానికే ఆ కోత. కొన్నాళ్ళకి మూసేస్తారు, లేదా తొడమీంచి చర్మం తీసి అతుకుతారు. ఎప్పుడైనా చేతిని తీసివేయక తప్పదని చెబితే అది ప్రాణం కోసమే. కండ చచ్చిపోయాక దాని విషం ఒంట్లోకి ఎక్కి మూత్రపిండాలు పాడవుతాయి.

రక్తనాళాన్ని కుట్టడం వెనక మన ఆడవాళ్ళకి నచ్చే కథ ఒకటి వుంది. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాది కార్నోని లియాన్ నగరంలో కత్తితో పొడిచారు. పెద్ద రక్తనాళం తెగి ఆయన చనిపోయాడు. కుట్టే విద్య అప్పటికి లేదు. ఆ ఊళ్ళోనే చదువుకుంటున్న అలెక్సిస్ కారెల్ అనే యువకుడు దాని మీద పట్టుదల పెట్టి, సన్నటి సూదీ దారమూ పట్టడం కోసం కసీదా పని చేసే ఒక మహిళ దగ్గర కుట్టు నేర్చుకున్నాడంటారు. 1912లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ విద్యే 1962 మే 23న అమెరికాలో బోస్టన్ నగరంలో పనికొచ్చింది. గూడ్సు రైలు ఎక్కబోయిన పన్నెండేళ్ళ కుర్రాడి చేయి భుజం దగ్గర తెగిపోతే డాక్టర్ రోనాల్డ్ మాల్ట్ బృందం దాన్ని తిరిగి అతికించింది. అప్పుడు ముందు ఎముకా రక్తనాళాలూ కలిపారు. నరాలు కొన్ని నెలల తర్వాత మరో ఆపరేషన్‌లో కుట్టారు. ముందు నెత్తురు, తర్వాత నరం అన్న ఆ వరుస గుర్తుంచుకోండి.

నెలల లెక్క

ఇది రెండో లెక్క. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే.

నరాలకి తగిలే దెబ్బలు మూడు రకాలు. వరి నారుతో పోల్చి చెబుతాను. నారు వంగిందనుకోండి, కొన్నాళ్ళకి తనే లేస్తుంది. మధ్యకి తెగిందనుకోండి, అతుకు వేయాలి. వేళ్ళతో సహా మడిలోంచి ఊడి వచ్చిందనుకోండి, దాన్ని అక్కడే తిరిగి నాటి పైరు చేయలేం. నరాలూ అంతే. సాగి కమిలిన నరం వారాల్లోనో నెలల్లోనో తనే కోలుకుంటుంది. తెగినదానికి కాలిపిక్క దగ్గరి సన్నని నరం తెచ్చి అతుకు వేస్తారు. వెన్నుపాములోంచి వేరుతో ఊడితే పక్కన పనిచేస్తున్న నరంలోంచి ఒక పోగు తెచ్చి కలుపుతారు. మన ఇంట్లో లైను పోతే పక్కింటి లైనులోంచి తీగ లాగినట్లన్న మాట. 1994లో ఫ్రాన్సుకి చెందిన ఒబెర్లిన్ అనే డాక్టరు చిటికెనవేలి వైపు నరంలోంచి ఒక పోగు తీసి మోచేయి మడిచే కండకి కలిపే పద్ధతి చెప్పారు. ఇప్పుడది మన దేశంలోనూ చేస్తున్నారు.

వేరు ఊడిందనడానికి ఇంట్లో కనిపించే గుర్తు ఒకటి చెబుతాను. దెబ్బ తగిలిన వైపు కంటి రెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదైతే డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. ఇంకోటి, చచ్చుబడిన చేతిలో మంట, నలుగుతున్నట్లు పోట్లు. స్పర్శ లేని చేతికి నొప్పేమిటని ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు. వెన్నుపాములో ఊడిన చోటునుంచి వచ్చే నిజమైన నొప్పి అది. దానికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు, వేరే మందులుంటాయి. "నటిస్తున్నాడు" అన్న మాట మాత్రం అనకండి.

ఇప్పుడు లెక్క చూడండి. కుట్టిన నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నెలకి అంగుళం. మెడనుంచి మోచేయి మడిచే కండదాకా ముప్ఫై సెంటీమీటర్లు వుందనుకుంటే మూడువందల రోజులు. అరచేతి దాకా డెబ్బై సెంటీమీటర్లంటే రెండేళ్ళు. మరోవైపు నరం అందని కండ సుమారు ఏడాది, ఏడాదిన్నర మాత్రమే ఎదురుచూస్తుంది. ఆ తర్వాత నరం చేరినా కండ పలకదు. అందుకే దెబ్బ తగిలిన మూడు నాలుగు వారాలకి నరాల కరెంటు పరీక్ష, మెడ ఎం.ఆర్.ఐ. చేయించాలి. మూడు నెలల్లో కదలిక రాకపోతే నరాల శస్త్రచికిత్స చేసేవారిని కలిసి తీరాలి. ఆపరేషను ఆరు నెలల లోపల జరిగితే ఫలితం బాగుంటుంది.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇరవై రెండేళ్ళ అబ్బాయి బండి మీంచి పడ్డాడు. కంఠాస్థి విరిగింది, అతుక్కుంది. ఎక్స్‌రే బాగుందన్నారు, అంతా సంతోషించారు. చేయి మాత్రం వేలాడుతూనే వుంది. ఒకరు నూనె మర్దన అన్నారు, ఒకరు గ్రహదోషమన్నారు. తల్లి కొండ మీద అమ్మవారికి మొక్కుకుంది. "కాస్త ఓపిక పట్టండి, అదే వస్తుంది" అన్నవారే అందరూ. పద్నాలుగు నెలలు గడిచాక నరాల డాక్టరుని కలిశారు. ఆయన చేయి చూసి, ఎంత కాలమైందో అడిగి, ఒక నిమిషం మాట్లాడలేదట. తర్వాత తొడలోంచి కండ తీసి, రక్తనాళంతోనూ నరంతోనూ కలిపి చేతిలో అమర్చారు. ఇప్పుడా అబ్బాయి మోచేయి మడవగలడు, సంచి తగిలించుకోగలడు. వేళ్ళు రాలేదు. ఆ తల్లి నాతో అన్నది: "ఓపిక పట్టమన్నారు గాని, ఎన్నాళ్ళు పట్టాలో ఒక్కరూ చెప్పలేదండీ." ఈ ప్రసంగానికి ఆ మాటే కారణం. మొక్కు మొక్కుకోండి, తప్పులేదు. మొక్కుతోపాటు కాలెండరులో మూడో నెల దగ్గర గీత కూడా గీయండి.

పురిట్లో భుజం ఇరుక్కుని పుట్టిన పసిబిడ్డలకీ ఇదే రావచ్చు. బిడ్డ ఒక చేయి కదపకపోతే నలుగు పెట్టే మంత్రసాని మాట మీద వదిలేయక డాక్టరుకి చూపించండి. చాలామందికి తనే వస్తుంది. మూడు నెలలకి మోచేయి మడవకపోతే వెంటనే నరాల వైద్యుని చూడాలి.

ఇంటికి వచ్చాక

చేయి వేలాడనివ్వకూడదు. దాని బరువుకే భుజం గుండు కిందికి జారుతుంది. పగలంతా జోలె కట్టు వుండాలి. వాపు దిగడానికి పడుకున్నప్పుడు దిండు మీద ఎత్తుగా పెట్టాలి. ఫిజియోథెరపీ వారు చూపించిన పద్ధతిలో భుజం, మోచేయి, మణికట్టు, ఒక్కొక్క వేలు రోజూ మెల్లగా కదిలించాలి. నరం చేరేనాటికి కీళ్ళు బిగుసుకుపోతే నరం వచ్చీ ప్రయోజనం వుండదు. తలుపుకి నూనె వేసి వుంచితేనే కదా, తాళం దొరికాక తెరుచుకునేది! కాని ఆపరేషనైన కొత్తలో ఎంతకాలం కదపకూడదో అడిగి మరీ మొదలుపెట్టాలి.

స్పర్శ లేని చేతికి వంటింట్లోనే ప్రమాదం ఎక్కువ. స్నానం నీళ్ళు బాగున్న చేత్తో చూసుకోవాలి. స్టవ్ పక్కన, ఇస్త్రీపెట్టె పక్కన ఆ చేయి వుండకూడదు. వేడినీళ్ళ కాపడం, ఇటుక కాపడం పనికిరావు. కాలినా తెలియదు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు వేళ్ళసందులు, మోచేయి వెలుతురులో చూసి ఎర్రదనం, పొక్కులు వున్నాయేమో కనిపెట్టాలి. చొక్కా తొడిగేటప్పుడు ముందు దెబ్బ తగిలిన చేయి, విప్పేటప్పుడు చివర అది. సిగరెట్టు, బీడీ మానాలి, అవి రక్తనాళాలను కుదిస్తాయి.

మనసు సంగతి కూడా చూడాలి. నిన్నటిదాకా ఇల్లు నడిపిన మనిషి ఇవాళ బొత్తాము పెట్టించుకోవాలంటే కుంగిపోతాడు. అన్నీ మనమే చేసిపెట్టడం ప్రేమ కాదు. ఒంటిచేత్తో చేసుకునేవి చేసుకోనివ్వండి. ఆలస్యమైతే కానివ్వండి. నిద్రపోకుండా, ఎవరితో మాట్లాడకుండా వుంటే ఆ మాట డాక్టరుతో చెప్పండి.

ఖర్చులూ, కాగితాలూ

ఆసుపత్రిలో చేర్చినప్పుడే ప్రమాదం కేసుగా నమోదు చేయించి, పోలీసు ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోండి. నష్టపరిహారానికి అదే ఆధారం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం మన రాష్ట్రంలో ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. ఆసుపత్రిలో అడిగి, మీ కార్డుకి ఏ ఆపరేషను వర్తిస్తుందో తెలుసుకోండి. 2025లో కేంద్ర ప్రభుత్వం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజులదాకా లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా వైద్యం అందే పథకం ప్రకటించింది. చేయి పూర్తిగా రాకపోతే సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకోవచ్చు. నలభై శాతం, ఆపైన వుంటే చట్టప్రకారం సదుపాయాలు వర్తిస్తాయి. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, ఆపరేషను వివరాలు అన్నీ ఒక సంచిలో దాచండి. వేరే ఊరి పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు అవే మాట్లాడతాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకు? బండి వెనక కూర్చునే ముందు పైట నడుముకి చుట్టి దోపుకోండి, చున్నీ వెనక్కి వేలాడనివ్వకండి. బండికి చీర చిక్కకుండా కంచె వుండాలని 1989 నాటి నిబంధనల్లోనే వుంది. కొత్తబండి కొన్నాక అందం కోసం దాన్ని తీయించకండి. బస్సులో పిల్లవాడి మోచేయి లోపలికి లాగండి. స్నానాల గదిలో పెద్దవాళ్ళకి పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించండి.

ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఒక పని చేయండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, బొటనవేలి మొదట మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి నాడి చూడటం నేర్పండి. పిల్లలకి అదొక ఆటగా వుంటుంది. నెత్తురుకి ఆరు గంటలు, నరానికి ఆరు నెలలు అన్న రెండు అంకెలూ వాళ్ళకి చెప్పండి. అవి అవసరం పడకుండా వుండాలనే కోరుకుందాం. సెలవు.